విరగాల్సిన ముక్క

మనీలా తిరిగి వెళ్ళిపోతూ రొలాండో
నూటయాభై దిర్హాములకు నా చేతిలో పెట్టిన బండి.
మూరెడు పొడవు. నాలుగు చక్రాలకూ లాగుడు ఉంది.
నడిపేవాడు లోపల ఉండడు,
దిబ్బ మీద నిలబడి బొటనవేలితో నడుపుతాడు.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా పదమూడులో
వారమంతా లేతు మీద పంపు షాఫ్టులు తిప్పేవాణ్ణి.
శుక్రవారం తెల్లారకముందే ఎవరి పికప్‌లోనో ఎక్కి
అల్ మదామ్ దాటాక దిగేవాణ్ణి.
అక్కడ ఇసుక పసుపు కాదు, కారప్పొడి.

మొదటి వారమే ముందు ఆర్మ్ విరిగింది.
ప్లాస్టిక్. టప్పుమంది, అంతే.
బిజుమోన్ షాపులో జత పన్నెండు దిర్హాములు.
నాకు రోషం వచ్చింది.
పదిహేనేళ్లు ఇనుముతో కాపురం చేసినవాడికి ప్లాస్టిక్కా?

డ్యూటీ దిగాక,
ఫోర్‌మన్ చూసీ చూడనట్టు తాళాలు వెతుక్కుంటుండగా,
మిగిలిపోయిన అల్యూమినియం బిళ్ళలోంచి
మిల్లింగ్ మెషిన్ మీద ఆర్మ్ కోశాను.
కూలెంట్ తుడిస్తే
బియ్యం కొలవని కొత్త గిన్నెలా ఉంది.

తర్వాతి శుక్రవారం ఆర్మ్‌కి గీత కూడా పడలేదు.
దాని వెనకాల షాక్ టవర్ చీలింది.
టవర్ చేశాను.
బల్క్‌హెడ్ పగిలింది.
బల్క్‌హెడ్ చేశాను, పనిలో పనిగా
పాత మోటారు పీకి బ్రష్‌లెస్ బిగించాను.
డిఫరెన్షియల్ పళ్ళు శనగపప్పులా రాలాయి.
స్టీలు పళ్ళు తెప్పించాను.
డ్రైవ్‌షాఫ్ట్ సకినం పిండిలా మెలితిరిగింది.

జూలైలో షాకుల్లో నూనె చారులా పలచబడితే
చిక్కటిది పోశాను.
ఇసుక తినేసిన బుష్‌లు తీసి
రబ్బరు మూతల బేరింగులు వేశాను, అవి మాత్రం నిలిచాయి.
"ఈ నెల ఓవర్‌టైం పడలేదు" అని
ఇంటికి రెండుసార్లు చెప్పాను.
చివరికి బండి రెట్టింపు బరువెక్కింది.
దిబ్బ అంచు మీంచి ఎగరాల్సింది
ముక్కు పొడుచుకుని ఇసుకలో దిగబడింది,
దున్నపోతు బురదలో కూర్చున్నట్టు.

కింది మంచం లింబాద్రి, ఆర్మూరు మనిషి,
స్కాఫోల్డింగ్ మీంచి పడి లేచినవాడు,
నా ముక్కల డబ్బా ఒడిలో పెట్టుకుని
ఒక్కొక్కటీ బల్బు వెలుతురుకి పట్టి చూశాడు.
"నా తొడల గూడ గిట్లనే రాడ్ ఏసిండ్రు.
తొడ మంచిగయింది.
నొప్పి పోయి నడుముల కూసున్నది."
అని నవ్వి, పక్కకి ఒరిగి,
ఇంకో పక్కకి ఒరిగి, పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు.
మా షాపులో కప్లింగ్‌కి పెట్టే ఇత్తడి పిన్ను
నేనే తిప్పుతాను, కావాలనే మెత్తగా,
అది తెగితే పంపు బతుకుతుందని.
చేతికి తెలిసిన ఈ సంగతి
తలకెక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది.
ఎక్కడో ఎవడో బల్ల ముందు కూర్చుని
ఆ ప్లాస్టిక్ ముక్కకి ఇంత మందం చాలని లెక్క వేసి ఉంటాడు.
నేను వాణ్ణి పిసినారి అనుకున్నాను.

స్టీలు పళ్ళు ఉంచాను. బేరింగులు ఉంచాను.
నేను కోసిన ఆర్మ్ విప్పేశాను.
మంచం రాడ్‌కి బిగిస్తే మంచి కొక్కెం అయింది,
లింబాద్రి నడుము బెల్టు దానికే వేలాడుతుంది.

మొన్న శుక్రవారం అతనూ వచ్చాడు,
పికప్ ముందు సీట్లో వీపు వెనక దిండుతో.
రిమోట్ ఇచ్చాను.
మూడో మలుపులో రాయికి కొట్టాడు.
టప్పు.
"ఇరిగింది!" అని అరిచాడు,
అంత సంతోషంగా అతను అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాను.
రెండు స్క్రూలు, నాలుగు నిమిషాలు.
జేబులో ఇంకో జత ఉంది.