గడి లేని మాట

పొద్దుగూకిన పది నిమిషాలకి మొదలవుతుంది నా డ్యూటీ.
నోట్లో రబ్బరు గొట్టం, దాని చివర గాజు నాళిక,
ఎడం చేతిలో టార్చి.
పశువులసాల గోడ మీద వాలిన దోమని
ఊపిరితో లోపలికి లాక్కోవాలి,
మింగకుండా.
ఇరవైరెండేళ్లుగా ఇదే కూడు.
'మా ఆయన ఆరోగ్యశాఖలో' అని మా ఆవిడ
చుట్టాలకి అంతవరకే చెబుతుంది.

నాగావళి కాలువ శివారున గెడ్డవలస.
నీళ్లు అన్ని ఊళ్లూ తిరిగి
ఇక్కడికి ఆలస్యంగా వస్తాయి, వస్తే పోవు.
ఉభాలు అయిన పదో నాటికి
వరి దుబ్బుల మధ్య తలకిందులుగా వేలాడే లార్వాలు.
వాటి పైన కొంగలు.
తన నెత్తుట్లో ఏముందో కొంగకి తెలీదు.
దోమకీ తెలీదు.

గంటకి ఎన్ని, ఏ జాతి, గోడ మీదా గడ్డి మీదా —
నా ఫారంలో పన్నెండు గడులు.

ఆషాఢం వెళ్లిన వారం
చివరి వీధి బంగారి సూరయ్య
పందుల దొడ్డి తడిక పట్టుకుని అన్నాడు:
"బావూ, ఏటో తేడాగున్నాది.
రెండు ఆడపందులు ఈనీసినాయి గానీ
పిల్లలన్నీ సచ్చే పుట్టినాయి.
ఒక్కటీ కదల్నేదు."
టార్చి ఆర్పకుండానే విన్నాను.
ఆ మాటకి ఫారంలో గడి లేదు.
పదమూడోది ఉంటే రాసేవాణ్ణి
అని ఇప్పుడంటున్నాను.

వినాయకుణ్ణి కాలువలో కలిపిన నాలుగో రాత్రి
గొర్లె యామినికి జ్వరం. ఆరేళ్లు.
తెల్లారేసరికి ఫిట్సు.
రాజాం, శ్రీకాకుళం, విశాఖ,
ప్రతి ఆసుపత్రి గుమ్మంలో తల్లి కళావతి
పిల్లని పేరు పెట్టి పిలిచింది.
పిల్ల కప్పు వైపు చూస్తూ ఉంది.

ఊళ్లో గాలి సోకిందన్నారు.
తర్వాత పందులన్నారు.
సూరయ్య దొడ్డిని గట్టవతలకి తోలించారు.

నర్సమ్మ సుభాషిణి రిజిస్టరు తిప్పింది.
తొమ్మిదో నెల టీకాకి టిక్కు ఉంది.
ఏడాదిన్నర టీకా ఖాళీ,
పక్కన పెన్సిలుతో 'వలస'.
ఆ ఏడు కళావతి ఇటుక బట్టీలో ఉంది,
పిల్లని పచ్చి ఇటుకల నీడలో పడుకోబెట్టి.
తిరిగొచ్చాక ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలం ఊరంతా ఆరుబయటే పడుకుంది,
నులక మంచాల మీద, తెరల్లేకుండా.
వందలమందిని కుట్టి ఉంటుంది.
ఒక్కరికీ తలనొప్పి కూడా రాలేదు.
ఈ పిల్లకే ఎందుకంటే
నా దగ్గర అంకె ఉంది, జవాబు లేదు.

నలభై రోజులకి తిరిగొచ్చింది.
కుడి చెయ్యి పలక దాకా వచ్చి ఆగిపోతుంది.
బడిలో పక్కన ఎవరూ కూర్చోలేదు,
అంటుకుంటుందని.

నాకు మాట్లాడ్డం రాదు.
అయినా బడి వసారాలో నిలబడి చెప్పాను:
ఈ పిల్ల నుంచి ఎవరికీ రాదు.
కొంగ నుంచి పందికి, పంది నుంచి పందికి
దోమ మోసుకుపోతుంది గానీ
మనిషి దగ్గర దారి మూసుకుపోతుంది.
ఇంకో దోమ వచ్చి కుట్టినా
పట్టుకుపోవడానికి ఏం దొరకదు.

యామిని నాయనమ్మ లేచింది.
"అంటే మా గుంట ఆపీసినాదా, బావూ?"

అవునన్నాను.
అది శాస్త్రం కాదు. తెలుసు.

ఈ ఏడు ఆషాఢంలో
టార్చి వెయ్యకముందే గట్టు దాటి వెళ్లాను.
"సూరయ్యా, ఈతలెలా ఉన్నాయి?"
చాలాసేపు నా మొహం చూశాడు.
"ఇప్పుడడుగుతున్నావు" అన్నాడు.
తర్వాత ఒక్కో పందినీ పేరుతో చెప్పాడు.

ఫారం అంచున, గడుల బయట, రాసుకున్నాను.
పెన్నుతోనే.
మెడ మీద ఒకటి కుట్టింది.
కొట్టలేదు, చేతులు ఖాళీ లేవు.