పాపిడి

డిసెంబరు ఇరవై నాలుగు. మధ్యాహ్నం మూడింటికే
పొద్దు గుంకిపోయింది మా ఫిన్లాండు పల్లెలో.
చర్చి పక్కన నూట పదకొండు రాళ్ళు,
ఒక్కో రాతి ముందు ఒక్కో కొవ్వొత్తి.
మంచులో గుంట తవ్వి
గాలి తగలకుండా లోపల వెలిగిస్తాం.
పిల్లలు పరుగెత్తుతుంటారు, అగ్గిపెట్టెలు తడిసిపోతాయి,
ఎవడో ఒకడు చేతితొడుగు కాల్చుకుంటాడు.
ఏటా ఇంతే.

నా పేరు ఔనె. తొంభై ఒకటి నిండాయి.
వేళ్ళు ఇలా వంకర్లు పోయాయేమని
మనవరాలు సైలా అడుగుతుంది.
చలికి, అంటాను.
అబద్ధం కాదు.

నలభై రెండు జనవరి. రైలుకట్ట పక్కన కొట్టం.
మంచుబళ్ళ మీద కట్టెల్లాగే వచ్చేవాళ్ళు,
కట్టెల్లాగే బిగుసుకుపోయి.
ఒకడి చెయ్యి పైకి లేచి ఉండేది, ఎవరినో ఆగమన్నట్టు.
పొయ్యి దగ్గర పెట్టి కరిగేదాకా కూచోవాలి.
కరిగాక నీళ్ళు పొయ్యాలి,
పురిటిబిడ్డకి పోసినట్టు, తల కింద చెయ్యి పెట్టి.
పద్దెనిమిదేళ్ళు నాకు. అప్పటికి
మగవాడి చెయ్యి పట్టుకుని ఎరగను.

జేబులు ఖాళీ చేసి జాబితా రాయాలి:
చెంచా ఒకటి. పెన్సిలు ముక్క.
ఊలు మేజోడు, ఒంటిది.
ఆవు ఈనిందని అమ్మ రాసిన ఉత్తరం.
సగం కొరికిన రొట్టె, పంటిగాట్లతో.
రొట్టె రాయక్కర్లేదన్నారు పైవాళ్ళు.
నేను రాశాను.

చివర్న తల దువ్వడం. అది ఎవరూ చెప్పలేదు.
దువ్వెన నాదే.
ఇంటికి పోతున్నారు కదా మరి.

పాత సిపాయిల్లో ఊరికి మిగిలింది తావెత్తి ఒక్కడే.
చక్రాల కుర్చీ, మోకాళ్ళ మీద దుప్పితోలు,
పతకాలు కోటు లోపల.
పాస్టరుగారు త్యాగం అన్న ప్రతిసారీ
గట్టిగా ముక్కు చీదుతాడు.
కావాలనే అని నాకు తెలుసు.

వాళ్ళన్న ఉర్హో రాతి దగ్గర కుర్చీ ఆపించి
నన్ను పిలిచాడు.
డెబ్బై రెండేళ్ళుగా ఒకే కొట్లో పాలు కొన్నాం,
ఒకే బల్ల మీద కూచుని ప్రార్థన చేశాం,
ఈ మాట మాత్రం ఎప్పుడూ తియ్యలేదు:

"మా అన్నకి పాపిడి ఎడమవైపు తీసింది నువ్వేనా?"

వందల తలలు. ఏ జుట్టని గుర్తుంటుంది?
"నేనే అయ్యుంటాను. అందరికీ ఎడమవైపే తీశాను.
మా నాన్నకి అలాగే ఉండేది."

"పెట్టె తెరవొద్దని ఆర్డరు.
ఆ రాత్రి పశువుల పాకలో
అమ్మ నన్ను లాంతరు పట్టుకోమంది.
మేకులు పీకింది. చూసింది. ఏడవలేదు.
'ఇటు కాదురా వీడికి' అంది.
వేళ్ళు తడుపుకుని కుడివైపుకి తిప్పింది.
మళ్ళీ మేకులు కొట్టింది.
రెండేళ్ళకి నేనూ వెళ్ళాను.
నున్నగా గుండు గీయించుకుని మరీ వెళ్ళాను."

పక్క వరసలో ఎవరో పిల్లాడు పకపకా నవ్వాడు,
వాళ్ళమ్మ నోరు మూసింది.

"తప్పయింది తావెత్తీ," అన్నాను.

"తప్పేముంది," అన్నాడు రాతికేసి చూస్తూ.
"నువ్వు దువ్వి పంపావు కాబట్టి
దాన్ని మార్చే పనొకటి దొరికింది అమ్మకి.
లేకపోతే ఆ రాత్రి చేతులు ఎక్కడ పెట్టుకునేది?"

ఉర్హో కొవ్వొత్తి మూడు పుల్లలకీ అంటుకోలేదు.
నాలుగోది సైలా గీసింది.
పసుపు వెలుగు మంచు లోపల్నించి
గుడ్డులో సొనలా కనపడింది.

గాలికి తావెత్తి టోపీ జారింది.
కింద ఒక్క వెంట్రుక లేదు.
చెయ్యి చాచి, ఆగి,
ఏ వైపుకి పెట్టను అని అడిగాను.

చెవులు మూస్తే చాలు, అన్నాడు.