సెకనుకి పన్నెండు

సదరం కాగితంలో మా చెంగల్రాయుడు
ఎనభై శాతం.
మిగిలిన ఇరవైలో ఏముండాదో
డాక్టరు రాయలేదు. ఆ గడి లేదంట.

పుత్తూరు కట్టుకీ పోయినాం.
నొక్కి చూసి, ఎముక కాదమ్మా, కండ, అని
పెద్దాయన దుడ్లు తీసుకోలేదు.

కొర్లగుంట సందులో రేకుల ఇల్లు.
అద్దం పలక, కింద బల్బు,
పాత క్యాలెండర్ల వీపులు.
సెకనుకి పన్నెండు బొమ్మలు గీయాలంట.
"పదకొండు గీసి పడుకుంటే
రాత్రంతా కుంటుతాడక్కా వాడు" అని
కళ్ళు మూతలు పడతా ఉన్నా పన్నెండోది గీసేవాడు.

గంగజాతర మా గుమ్మం ముందరే పోతుంది.
పద్నాలుగేళ్ళొచ్చినాక
నాయన భుజం వాడికి చాల్లేదు.
ఆ ఏడు మొదలుపెట్టినాడు:
నామకొమ్ము పూసుకున్న బైరాగి
రెండడుగులేసి కుంకుమ బండ,
దూకితే బొగ్గు తోటి,
గాల్లో ఉండంగానే చందనపు దొర.
జాతరలో వేషానికో రోజు.
వీడి కాగితాల్లో వేషానికో అడుగు.

చెయ్యి మొత్తం కదిలిన ఏడు మూరెడు మనిషి.
మణికట్టు మిగిలిన ఏడు జానెడు.
రెండు వేళ్ళు మిగిలినాక
చింతగింజంత.
అయినా వాడు ఎగిరితే
కాగితం పై అంచు దాటి పోతాడే,
తల ఎక్కడ గీయాల్రా అంటే
నవ్వేవాడు.

ఆసుపత్రిలో గొంతుకి గొట్టం వేసినాక
పెన్సిలు నాదయింది, రెప్పలు వాడివి.
ఒకసారి ఆర్పితే, పైకి.
రెండుసార్లు, ఇంకా పైకి.
కిందికి అనేదానికి
మేమసలు సైగే పెట్టుకోలేదు.

సచివాలయం పిల్లోడొచ్చి
పింఛను జాబితాలో పేరు కొట్టేసి పోయినాడు.

జాతర ఆఖరి రాత్రి
పెళ్ళిళ్ళ వీడియోల మునిరత్నం
ప్రొజెక్టరు తెచ్చి ఎదురింటి సున్నపు గోడకు తిప్పినాడు.
ఆరేళ్ళు. వెయ్యిన్నూటనాలుగు బొమ్మలు.
తొంభై రెండు సెకన్లు.
తెల్లారితే అమ్మవారి మట్టి చెంప నరుకుతారు,
పిడికెడు మన్ను దొరికితే చాలని
ఉరికే జనం
గోడ దగ్గర ఆగినారు.
"మళ్ళీ ఎయ్యన్నా" అన్నారు వేపాకులు కట్టుకున్న పిలకాయలు.

మళ్ళీ వేసినప్పుడు
అమ్మ లేచి గోడకి అడ్డంగా పోయి నిలబడింది.
రాత్రికి మూడుసార్లు లేచి
వాణ్ని అటూ ఇటూ పొర్లించిన మనిషి.
వాడు ఆమె వీపు మీద అడుగేసి,
బొగ్గు నుంచి చందనమై, జడ మీదుగా
పైకి.

"ఎక్కినాడా?" అని అడిగింది, తిరగకుండానే.
"ఎక్కినాడుమా."
"ఏమీ తెలీలేదే" అనింది.