పద్దెనిమిదో ట్రాక్

నర్సాపురం రేవుకి పోయే సందులో నా కొట్టు.
బోర్డు మీద సెల్‌ఫోన్ రిపేర్లు.
బల్ల కింద మాత్రం
ఎవరికీ అక్కర్లేని యంత్రాలు,
భీమవరం పాతినప కొట్లో కిలో లెక్కన కొన్నవి.

పొన్నమండ సుగుణమ్మ గారు
పూతరేకుల డబ్బాలో తెచ్చారు పదకొండు ఫ్లాపీలు,
ఐదుంబావు అంగుళాలవి, అప్పడాల్లా వంగేవి.
"లేసు సొసైటీ మూసేసి బీరువా అమ్మేస్తుంటే
కొంగు చాటున తెచ్చేసుకున్నాను బాబూ.
ఇందులో నా పువ్వుంది."
ఏ పువ్వండీ?
"చూస్తే చెబుతాను."

మన గాలి సంగతి తెలిసిందే.
అంతర్వేది నుంచి ఉప్పు మోసుకొచ్చి
తలుపు గొళ్ళేన్నీ తింటుంది, రాగి తీగనీ తింటుంది.
అట్ట తొడుగు కోసి చూస్తే
గోధుమరంగు పళ్ళెం మీద బూజు,
ఊరగాయ జాడీ మూతకి పట్టినట్టు.
డిస్టిల్డ్ వాటరు, రెండు చుక్కల సబ్బు,
కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ.
వేయించిన బియ్యం పోసిన డబ్బాలో
రెండు రాత్రులు ఆరనిచ్చాను.

డ్రైవుది ఇంకో రోగం.
బెల్టు కరిగి తుమ్మజిగురైంది.
గ్రీజు ముదురుపాకం.
చదివేదాన్ని హెడ్ అంటారు, నేను తల అనే అంటాను,
స్పిరిట్‌తో తలంటు పోసేది నేనే కనక.
నిమిషానికి మూడొందల చుట్లు తిరగాలి.
ట్యూబులైటు కింద, తిరిగే చక్రం మీది గీతలు
కదలకుండా నిలబడ్డట్టు కనిపించేదాకా
చిన్న స్క్రూని అటూ ఇటూ.

గర్ర్. టక్.
గర్ర్. టక్.
పద్దెనిమిదో ట్రాక్ దగ్గర
తల ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ,
నోటి చివరున్న పేరు అందని మనిషిలా.
సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.
శ్రావణం. ఏటి నిండా ఎర్రనీళ్ళు.
ఆవిడ స్టూలు మీంచి లేవలేదు.
చీకట్లో గాజుల చిన్న చప్పుడు:
లేసు సూది ఆగలేదు.

కరెంటొచ్చాక జాబితా వచ్చింది.
కూలి లెక్కలు. దారపుండల లెక్కలు.
'అయ్యా' దగ్గరే ఆగిపోయిన ఉత్తరం.
వాటి మధ్య ఒక పేరు: సుగుణమ్మ్.
ఆ కాలం యంత్రం
ఫైలు పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే ఇచ్చేది.
తొమ్మిదోది, చివరి ఏ,
గుమ్మం బయటే ఉండిపోయింది.

"జలజాక్షి కొట్టింది ఇది, కంప్యూటరు పిల్ల.
నేను పక్కన కూచుని గళ్ళు చెప్పేదాన్ని,
నిండు, ఖాళీ, ఖాళీ, నిండు."
యంత్రం భాష కూడా అదేనండీ అని చెప్పబోయి
ఊరుకున్నాను.
ఆవిడకి నాకంటే ముందే తెలుసు.

తెర మీద పువ్వు లేచింది.
కుడి రేకు దగ్గర
ఐదువందల పన్నెండు అక్షరాల మేర ఏమీ లేదు.
నలభై సార్లు చదివించాను. నలభై సార్లూ లేదు.
లేసంటేనే చిల్లులు కదండీ అన్నాను, ఓదార్పుకి.
ఆవిడ కళ్ళజోడు పైకి తోసి
"చిల్లంటే చుట్టూ దారం ఉండాలి బాబూ.
ఇది చిరుగు."

తెల్లదారం తీసి అక్కడే మొదలెట్టారు.
వేళ్ళు ముందు వెళ్ళాయి, నోరు వెనక వచ్చింది:
నిండు, నిండు, ఖాళీ...
ఒకచోట విప్పి మళ్ళీ అల్లారు.
ఆవిడ చెబుతుంటే నేను కొట్టాను.
ఇద్దరం రెండుసార్లు తప్పాం.
టీ చల్లారిపోయింది.

పేరేం పెట్టమంటారని అడిగాను,
ఇప్పుడు ఎన్ని అక్షరాలైనా పడతాయి.
కాసేపు తెరకేసి చూశారు.
"జలజాక్షి అని పెట్టు."

ఇంకా పది ఫ్లాపీలున్నాయి.
రేపు రమ్మన్నాను.
తొడుగుల అంచుల్లో ఇరుక్కున్న పూతరేకు పొడి
తలకి తగలకుండా
ఒక్కోటీ తీసి ఊదుతూ కూచున్నాను.