లో ఓల్టేజీ

ఉరవకొండ బస్టాండు వెనక సందులో
కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టే పని నాది.
ఒక సంగతి చెప్తా సార్,
కరెంటు పోతే మోటారు కాలదు,
ఊరికే నిలబడిపోతుంది.
పిడుగుకు కాలేవి ఏడాదికి ఒకటో రెండో.
మిగతావన్నీ లో ఓల్టేజీకి కాలినవే.
తిరగమంటుంది, తిరిగే సత్తువ మాత్రం ఇయ్యదు.
లోపల్లోపల మూలిగి మూలిగి వేడెక్కి
ఒక రాత్రి వార్నీషు వాసనొస్తుంది.
పొద్దున్నే ఆటోలో పడుకోబెట్టి
నా అంగడి ముందర దించుతారు.

మొన్న మీరొచ్చినారని
షట్టరు సగం దించి నేనూ వచ్చినా.
నాకు జెండా లేదు.
రెండు పార్టీల పిల్లోళ్లూ కండువాలు ఇచ్చిపోతారు,
రెండిటితోనూ గ్రీజు తుడుస్తా.
అయినా ఈసారి మీ వైపు కొంచెం మొగ్గినా,
సబ్‌స్టేషన్ మాట ఎత్తుతారని.
ఎనిమిదేండ్లుగా ఆ పునాదిరాయి నీడలో
మేకలు పడుకుంటా ఉండాయి.

మీరన్నారు:
"అన్ని కోణాల్లో పరిశీలించి, అందరితో చర్చించి,
తగు సమయంలో తగు నిర్ణయం."

తొలకరి పడినాక వజ్రకరూరు చేలల్లో
నడుములు వంచి వెతుకుతారే జనం,
అట్ల వెతికినా సార్ మీ గంటసేపు మాటల్లో
యాడన్నా ఒకటి మెరుస్తుందేమోనని.
అన్నీ గులకరాళ్లే.
అవి కూడా నున్నగా అరగదీసినవి,
ఎవురి కాలికీ గుచ్చుకోకుండా.

మీకు దండ అందించింది వన్నూరప్ప.
మూడు బోర్లు ఎండినాయి ఆయనకు.
నాలుగోది ఏడునూర్ల అడుగుల కాడ
దుమ్ము తప్ప తడి లేదు.
ఆపేద్దామా అన్నాడు బండోడు.
వన్నూరప్ప జేబులో చెయ్యి పెట్టి
తియ్యకుండానే లెక్కబెట్టుకుని
"ఇంకో నూరు దించప్పా" అన్నాడు.
నీళ్లు పడినాయో లేదో నేను చెప్పను,
అది కాదు మాట.
అడిగినప్పుడు జవాబు చెప్పినాడు.
మీ జవాబు ఎన్ని అడుగుల కింద ఉంది సార్?

అవతలాయన అబద్ధమాడతాడు, తెలుసు.
గట్టిగా ఆడతాడు,
చేత్తో పట్టుకుని తిరిగి మొఖాన కొట్టొచ్చు.
మీ కాడ నిజమే ఉండాది,
నోట్లోనే నానబెట్టి నానబెట్టి పులిసిపోయింది.

మీటింగు అయినాక కారు కాడికి వచ్చి అడిగినా.
భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి చెప్పినారు:
"నువ్వనేది నిజమే. ఇప్పుడంటే ఓట్లు పోతాయి."
ఎవురి ఓట్లు సార్?
అందులో నాదీ ఉందా?
అద్దం పైకి పోయింది.
నల్లటద్దంలో నా మొఖమే కనబడింది,
నోరు తెరుచుకుని.

టీకొట్టు కాడ మీవాళ్లు నన్ను
గోడమీది పిల్లి అంటారు.
కానీయండి.
ఐదేండ్లకొకసారన్నా నేను దూకుతా,
ఏ పక్క పడితే ఆ పక్క,
వేలికి సిరా మచ్చతో నొప్పితో.
మీరైతే గోడమీదే కుర్చీ వేయించుకున్నారు,
గొడుగు కూడా పట్టించుకున్నారు.

నన్ను నేను ఊరికే వదిలిపెట్టను.
మైకులో "ఎవురికన్నా సందేహాలున్నాయా" అన్నప్పుడు
నా చెయ్యి సగం లేచింది.
అంగడి గది మాజీ సర్పంచిది,
ఆయన ముందు వరసలో కూర్చోనుండె.
లేచిన చేత్తో తల గోక్కున్నా.
అందుకేనేమో మీ మీద ఇంత కోపం,
నా చెయ్యి కథ మీ నోటిలో చూసినా.

ఇప్పుడు రాత్రి తొమ్మిది.
బెళుగుప్ప నుంచి వచ్చిన మోటారుకు
పాత తీగ కోస్తా ఉండా,
బొగ్గు మాదిరి రాలుతుండాది.
గోడ మీద మీటరు ముల్లు
నూటా అరవై కాడ వణుకుతుండాది.
బల్బు వెలుగుతా ఉండాది సార్, అబద్ధమెందుకు.
ఎదురుగా ఉన్నోడి మొఖం
కనబడేంత కాదు.