కేళు

జాలహళ్ళిలో మా వీధి కుక్కలకు
రాత్రి తొమ్మిదింటికి అన్నం పెడతాను.
పెట్టొద్దంటాడు రెండో అంతస్తు పుట్టలింగయ్య.
ఏడాదిగా లిఫ్టులో ఇద్దరం
అంకెల బోర్డునే చూస్తూ దిగాం.

నిన్న కరెంటు పోయింది.
చీకటి మెట్ల మీద గిన్నెతో నేను,
ఆయాసపడుతూ ఆయన.
అలవాటుగా జవాబు నూరుకుంటున్నాను.
కానీ నా కన్నడం నడుస్తుందే గాని పరిగెత్తదు.
నేను ఒక మాట వెతుక్కునేలోగా
ఆయన ఇంకో వాక్యం దిగిపోయాడు.

పాల పాకెట్ల రౌండు. సైకిలు. చలి.
వెనక నుంచి పట్టిన కుక్క.
ఇప్పటికీ తెల్లారుజామున ఆ కాలు
తనంతట తానే ముడుచుకుంటుందట.

"స్వల్ప కేళమ్మా" అన్నాడు మధ్యలో.
వాళ్ళ భాషలో వినడానికీ అడగడానికీ
ఒకటే మాట.
విన్నాను. చాలాసేపటికి అడిగాను,
ఏ కాలు?
ఫోను వెలుగులో పంచె పైకి లాగాడు.

కరెంటొచ్చింది.
"అయినా పెట్టొద్దు" అన్నాడు లేస్తూ.
"పెడతాను" అన్నాను.

ఈ రాత్రీ అన్నం కలిపాను.
పాల బూతు దగ్గర కాదు, గోడ మలుపు అవతల.
అవి తిని వెళ్ళేదాకా నిలబడ్డాను.
తలెత్తితే, రెండో అంతస్తు కిటికీలో
పుట్టలింగయ్య,
కుక్కల్ని లెక్కపెడుతూ.