జరిమానా డబ్బా

మంగళవారం, ఆరుంబావు.
దక్షిణ ధ్రువం నుంచి తిన్నగా వచ్చిన గాలి
హాలు తలుపు తోసుకుని లోపలికొస్తుంది,
సభ్యత్వం ఉన్నట్టే.
నేను పేరుబిళ్ళల పెట్టె తెరుస్తాను.
పైన ఇరవై మూడు పేర్లు.
అడుగున, గుడ్డ కింద, ఇంకో తొమ్మిది,
ఎవరూ వచ్చి అడగనివి.
వాటిని తీసేద్దామని ఇంతవరకూ
ఒక్కరూ తీర్మానం పెట్టలేదు.

వంటింట్లో మొయిరా బఠాణీలు ఉడకబెడుతోంది.
పదకొండేళ్ళుగా అదే మాంసం, అదే గ్రేవీ.
పదకొండేళ్ళుగా మాదీ అదే మాట:
"బ్రహ్మాండం, మొయిరా."

గంట మోగుతుంది. లేస్తాం.
కుర్చీ కాళ్ళు చెక్కనేల మీద
ఉన్ని కత్తిరించే రోజు గొర్రెల్లా గోల పెడతాయి.
పోయినవారం లెక్కలు:
గొర్రె పెంట నూట నలభై బస్తాలు అమ్మాం,
గులాబీలు పెంచేవాళ్ళు బేరమాడలేదు.
వంతెన పక్క బల్లకి రంగు వెయ్యాలి. ఎవరు?
అందరికీ ఒక్కసారిగా ప్లేటులో ఏదో పని పడుతుంది.
చివరికి టామతి చెయ్యెత్తుతాడు, ఎప్పటిలాగే.
మిగతా చేతులు సిగ్గుపడి
ఒకటొకటే పైకొస్తాయి.

అప్పుడు లేస్తాడు ఎరల్ మెక్లీష్,
మా జరిమానాల సార్జెంటు,
చేతిలో మూతకి కన్నం పెట్టిన బిస్కెట్ల డబ్బాతో.
"ఆర్చీ! నీ ట్రాక్టరు కాలవలో కూరుకుపోయింది,
ఊరంతా చూసింది. రెండు డాలర్లు!"
"పర్దీప్! మనవరాలు పుట్టిందని చెప్పకుండా
ఒక్కడివే నవ్వుకుంటున్నావు. రెండు డాలర్లు!"
తప్పు చేస్తే కట్టాలి, మంచి జరిగినా కట్టాలి,
ఏమీ జరగకపోతే, వారం వృథా చేసినందుకు కట్టాలి.
నాణెం పడ్డ చప్పుడు వినపడితేనే
మాకు తిన్నది అరుగుతుంది.

చలి ముదురుతున్న ఒక మంగళవారం
డబ్బా ఒక చుట్టు తిరిగొచ్చింది.
ఎరల్ కూర్చోలేదు.
"ఆర్చీ! నీ ట్రాక్టరు కాలవలో కూరుకుపోయింది..."
అదే గొంతు.
నవ్వు కోసం ఆగే చోట అదే ఆగడం.

ఆర్చీ డబ్బా వంక చూశాడు.
మొయిరా గరిటె గిన్నెలోనే నిలిచిపోయింది.
ఆర్చీ జేబులో చెయ్యి పెట్టాడు.
"నిజమే సార్జెంట్, ఆ కాలవ నా కొంప ముంచింది."
మేం నవ్వాం.
మొదటిసారి కంటే గట్టిగా నవ్వామేమో.

బయట కార్ల దగ్గర
ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.
మరుసటి వారం మాత్రం
అందరి జేబులూ గలగలలాడాయి.
పర్దీప్ పెట్రోలు బంకులో ఇరవై నోటు మార్పించుకొచ్చాడు.
కొన్ని రాత్రులు ఆ ట్రాక్టరు
మూడుసార్లు కూరుకుపోయింది.
ఆ పిల్ల మూడుసార్లు పుట్టింది.
ప్రతిసారీ చప్పట్లు కొట్టాం.

ఒకరోజు ఎరల్ భార్య నొలీన్ వచ్చింది,
కవర్లో డబ్బు పెట్టుకుని.
"అదనంగా వసూలు చేస్తున్నాడట" అంది,
నేల చూస్తూ.
కోశాధికారి హినెమోవా కళ్ళజోడు పెట్టుకుని
నియమావళి మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేసింది.
"ఒక తప్పుకి ఒక్కసారే కట్టాలని
ఇందులో ఎక్కడా లేదమ్మా" అంది.
కవరు వెనక్కిచ్చి, టీ పోసింది.

ఆగస్టులో, వాన రాత్రి,
ఎరల్ నా పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు.
వేలు పేర్ల మీద తిరుగుతోంది, ఎక్కడా ఆగడం లేదు.
నేనే తీసి చొక్కాకి గుచ్చాను.
తల వంచి, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడబలుక్కున్నాడు.
"ఎవరితను?"
"మా సార్జెంటు."
"మంచివాడేనా?"
"జలగ. ఎవర్నీ వదలడు."
ముఖం ఎక్కడో వెలిగింది.
"పెద్దమనిషిని జలగన్నావు. రెండు డాలర్లు."

జేబులు తడుముకున్నాను.
ఆ ఒక్కరోజే, ఖర్మ, చిల్లర లేదు.
"వచ్చేవారం ఇస్తాను" అన్నాను.
"ఎక్కడికి పోతావులే" అన్నాడు,
నా భుజం మీద చెయ్యి వేసి
భోజనం బల్ల ఎటో వెతుకుతూ.